వరి మడిలో బెత్తెడు నీళ్లు తగ్గకూడదా?

"నాటిన రోజు నుంచి కోతల దాకా వరి మడిలో బెత్తెడు నీరు ఉండాల్సిందే, యూరియా కూడా ఆ నీళ్లలోనే చల్లాలి, మడి ఆరితే పంటంతా తాలే." రైతుల వాట్సాప్ గ్రూపుల్లో ఈ మాట తెగ తిరుగుతోంది. ఇందులో ఒక్క ముక్కే నిజం. మిగతాది నమ్మితే గోదావరి డెల్టాలో కాలువ చివరనున్న శివారు రైతు కొంప మునుగుతుంది.

వరి నీటి మొక్క కదా అంటారు. కాదు, నీటిని ఓర్చుకునే మొక్క. గాలిని వేళ్ల దాకా దించే ఖాళీలు కాండంలో ఉన్నాయి కాబట్టి బురదలో బతుకుతుంది. లోతుగా నీళ్లు నిలిపితే పిలకలే తగ్గుతాయి. పిలకల దశలో 2, 3 సెంటీమీటర్లు చాలు.

యూరియా బురద పదునులో చల్లి, 36 నుంచి 48 గంటలయ్యాక పలచగా నీరు పెట్టాలి. నిండు మడిలో చల్లితే చాలావరకు వృథాయే.

ఇక తాలు సంగతి. నిజం ఉన్నది ఇక్కడే, కానీ ఏ దశలోనో చెప్పలేదు. కాండం లోపల వెన్ను మొదలయ్యే చిరుపొట్ట దశ నుంచి గింజ పాలు పోసుకునే దాకా 5 సెంటీమీటర్ల నీరు ఉండాలి. పూత మీద బెట్ట తగిలితే గింజ పట్టదు. అంతకుముందు మాత్రం, నాటిన మొక్క వేరూని మూన తిరిగి రెండు మూడు వారాలయ్యాక, మడిని ఆరనిచ్చి తడపొచ్చు. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధనా సంస్థ ఇందుకు చిన్న ఉపాయం చెప్పింది. రంధ్రాలు పెట్టిన అడుగు పొడవు ప్లాస్టిక్ గొట్టాన్ని మడిలో దించి, లోపలి మట్టి తీసేయాలి. పైన నేల ఆరినట్టే ఉంటుంది, లోపలికి తొంగిచూస్తే నీళ్లు కనిపిస్తాయి. అవి 15 సెంటీమీటర్ల లోతుకు దిగాకే తూము తీయాలి. దిగుబడి తగ్గకుండా 30 శాతం దాకా నీరు మిగులుతుంది. సముద్రం పక్క చౌడు నేలల్లో మాత్రం ఇది వద్దు, అక్కడ ఉప్పు పైకి తేలకుండా నీరు నిలవాలి.

ఎకరంలో ఒక్క సెంటీమీటరు నీరంటే 40 వేల లీటర్లు. దాళ్వాలో, అంటే రబీ వరిలో, గోదావరి సన్నగిల్లాక ఎగువనున్న సీలేరు జలాశయాల నీటితోనే నెట్టుకురావాలి, అదీ వంతులవారీగా. మళ్లీ వంతు ఎప్పుడొస్తుందోనన్న టెన్షన్‌తోనే రైతు మడి నింపుకుంటాడు. ఆ భయం తప్పు కాదు. చెప్పిన రోజుకు పొలం పక్క బోదె కాలువలో నీరొస్తే, గొట్టం పెట్టడానికి ఎవరూ వెనకాడరు.