ఫైబర్ లేజర్ గారికి ఒక రేకుల మేస్త్రి విన్నపం

కాంతి కిరణంతో రేకులు కోసే మహారాజశ్రీ ఫైబర్ లేజర్ కటింగ్ యంత్రం గారి దివ్యసముఖమునకు,

హైదరాబాదు బాలానగర్ షెడ్డులో తమరి ఎడమ పక్కన, ఫ్యాను గాలి అందని మూలలో బెంచీ వేసుకుని ఉన్న రేకుల మేస్త్రి నమస్కరించి వ్రాయునది ఏమనగా,

ఇక్కడ మేము క్షేమం. తమరి క్షేమం వేరే అడగనక్కర్లేదు. ఒంటికి వేడి తగలకుండా నీళ్లు చల్లబరిచే చిల్లర్, కరెంటు హెచ్చుతగ్గులు తగలకుండా స్టెబిలైజర్, దుమ్ము పడకుండా చుట్టూ అద్దాలు. మే నెలలో కప్పు కింద మేము ఉడికిపోతుంటే ఎవరూ తొంగి చూడలేదు కానీ, తమరి చిల్లర్‌లో నీళ్లు రెండు డిగ్రీలు వేడెక్కాయనగానే యజమాని చెప్పులు వేసుకోవడం కూడా మరచి పరుగెత్తుకొచ్చారు. ముప్పై ఒక్క ఏళ్లలో నా జ్వరానికి ఆయన అంత కంగారు పడ్డ గుర్తు లేదు. దానికి నాకు బాధేమీ లేదు. నన్ను బ్యాంకు అప్పు చేసి కొనలేదు కదా.

దసరా ఆయుధపూజకు ఇదివరకు నా కత్తెర, చెక్క సుత్తి, మూలమట్టం, గీతలు గీసే స్క్రైబర్ వరసగా పీట ఎక్కేవి. మొన్నటి దసరాకు బంతిపూల దండ తమరికి, గుమ్మడికాయ తమరి ముందు. గిన్నెలో మిగిలిన కుంకుమ నా కత్తెరకు పెట్టారు. కత్తెర ఏమీ అనలేదు. దాని నోరు ఎప్పుడో మొద్దుబారింది.

సంబంధం కలుపుకునే ముందు వంశం వాకబు చేయడం మన ఆచారం కనుక తమరి గురించి కూడా అడిగి తెలుసుకున్నాను. తండ్రి వైపు అంకెల ఆజ్ఞలతో నడిచే యంత్రాలు. వాళ్లు 1952లోనే అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయంలో, చిల్లులు పొడిచిన టేపుతో మిల్లింగ్ యంత్రాన్ని నడిపించి చూపించారట. తల్లి వైపు లేజర్. 1960లో థియోడర్ మైమన్ అనే ఆయన కెంపు కడ్డీలోంచి పుట్టించాడట. కెంపు! ఎంత గొప్పింటి సంబంధం. మాది ఊరూరా తిరిగి చిల్లు బిందెలకు మాట్లు వేసిన వంశం. జాతకాలు కలవకపోవడంలో వింత లేదు.

అయితే కళ్లెదుట ఉన్న మంచిని కాదనడం పాపం. నా ఎడమ చేతి చూపుడువేలికి పై కణుపు లేదు. పాత పవర్ ప్రెస్ పుచ్చుకుంది. అప్పట్లో ఈ వీధిలో ఎవరైనా పనివాడు నమస్కారం పెడితే వేళ్లు లెక్కపెట్టి అనుభవం అంచనా వేసేవాళ్లం. తమరి తలుపు తీస్తే కిరణం ఆగిపోతుంది. తమరి తమ్ముడు, కంప్యూటరు చెప్పినట్టు రేకు వంచే సీఎన్‌సీ ప్రెస్ బ్రేక్ ముందు కనిపించని వెలుతురు తెర ఉంటుంది, చెయ్యి అడ్డం వస్తే పంచ్ దిగదు. తమరిని నడిపే కుర్రవాడికి పది వేళ్లూ పూర్తిగా ఉన్నాయి. ఆ పది వేళ్లను చూసినప్పుడల్లా తమరి మీద రాయదలచుకున్న తిట్లలో సగం కొట్టేస్తున్నాను. మిగిలిన సగం ఇది.

తమరికి కృత్రిమ మేధ ఉందని బ్రోచర్‌లో చదివాను. మేధ సంగతి నాకు తెలుసు, అందులో కొంత నాదే. తమరి అన్నదమ్ములను బిగించడానికి వచ్చిన ఇంజినీరు నా డైరీ అడిగాడు. నూనె మరకలతో, బైండు ఊడి, రబ్బరు బ్యాండు వేసి ఉంటుంది అది. వంద, యాభై కొలతలతో ఒక ఎల్ ముక్క కావాలంటే కొత్తవాడు నూట యాభై మిల్లీమీటర్లు కోస్తాడు. వంచాక చూస్తే ముక్క పెద్దదవుతుంది. రేకు వంగేటప్పుడు బయటి పొర సాగుతుంది, లోపలిది నలుగుతుంది. ఒకటిన్నర మిల్లీమీటర్ల ఇనుప రేకైతే ఆ వంపు దగ్గర రెండున్నర, మూడు మధ్య తగ్గించి కోయాలి. ఎంత అన్నది రేకు కింద ఉండే అచ్చు, అదే డైని బట్టి, రేకును బట్టి. స్టీలుదైతే మరీ మొండి రకం. తొంభై డిగ్రీలు కావాలంటే ఎనభై ఎనిమిది దాకా వంచి వదలాలి. వదలగానే తన పట్టు మీదికి తాను వస్తుంది. అల్యూమినియం రేకును రోలింగ్ గీతల వెంబడి వంచితే పగులుతుంది, అడ్డంగా వంచాలి. ఇలాంటివి నూట పన్నెండు పేజీలు. ఒక్కో లెక్క వెనక ఒక్కో పాడైన రేకు, ఒక్కో తిట్టు ఉన్నాయి. తిట్లు మాత్రం డైరీలో రాయలేదు.

ఆ ఇంజినీరు నాలుగు రోజుల్లో అంతా ఎక్కించుకున్నాడు. ఇప్పుడు దాని పేరు మెటీరియల్ లైబ్రరీ. నెల తర్వాత ఒక ప్యానెల్ తలుపు కొలత తప్పింది. వెతికితే, నేను వేసిన మూడు ఎనిమిదిలా కనిపించడం వల్ల వచ్చిన పొరపాటట. అన్ని పేజీల లెక్కలూ సాఫ్ట్‌వేర్‌వి, ఆ ఒక్క అంకె మాత్రం మేస్త్రిది అని తేలింది.

కొటేషన్లు ఇచ్చే మరో మేధావి కూడా మన ఆఫీసులో కొలువుతీరాడు. డ్రాయింగు పడేస్తే నిమిషంలో ధర చెబుతాడు. మొన్న నలభై డబ్బా మూతలకు ధర పంపి, చివర ధన్యవాదాలు కూడా చెప్పాడు. మూత అంచు మడత ఐదు మిల్లీమీటర్లు. పన్నెండు మిల్లీమీటర్ల గాడి ఉన్న వీ డై మీద ఐదు మిల్లీమీటర్ల అంచు నిలబడుతుందా? గాడిలోకి జారిపోతుంది. కనీసం ఎనిమిదిన్నర ఉండాలి. బుద్ధిమంతులైన సాఫ్ట్‌వేర్లు ఈ మాట ముందే హెచ్చరిస్తాయట, మన వాటాకు వచ్చినవాడు మర్యాదస్తుడు, గిరాకీదారు మాట కాదనడు. చివరికి అంచు పొడుగ్గా వదిలి వంచి, తర్వాత నలభై మూతల అంచులూ చేత్తో గ్రైండర్ పట్టి తగ్గించాం. బిల్లులో ఆ రెండు రాత్రుల పేరు పోస్ట్ ప్రాసెసింగ్. నాకు ఇంత మంచి ఇంగ్లీషు పేరు ఎప్పుడూ రాలేదు.

ఏసీ డక్టులు బిగించే మా బావమరిదికి మాత్రం తమరంటే బెదురు లేదు. డ్రాయింగులో లేని దూలం సైటులో ఎదురైనప్పుడు నిచ్చెన ఎక్కి, డక్టును అక్కడికక్కడే కత్తిరించి పక్కకు తిప్పేవాడు ఇంకా మనిషేనని వాడి ధీమా. వాడి ధీమాను నేను చెడగొట్టను.

అసలు విన్నపానికి వస్తాను. తమరు నా ఉద్యోగం తీసుకుంటారన్న భయం నాకు లేదు, నాకు ఇంకో మూడేళ్లే. తమరు తీసుకున్నది తుక్కు.

నవ్వకండి. 2500 మిల్లీమీటర్ల పొడుగు, 1250 వెడల్పు ఉన్న రేకు మీద మేము చేత్తో మార్కింగ్ చేసినప్పుడు మూలల్లో, అంచుల్లో ముక్కలు మిగిలేవి. అరచేతి వెడల్పువి, అడుగు పొడుగువి. సాయంత్రం కొత్త కుర్రవాళ్లు ఆ ముక్కల మీద పడేవారు. గీత గీయడం, కోయడం, వంచడం, పాడుచేయడం. బూడిద గంప, చాట, అగరుబత్తీల స్టాండు, ఏదో ఒకటి. నేను మా ఉస్తాదు దగ్గర చేసిన మొదటి గరాటులో నీళ్లు ఎటు నుంచి కారుతున్నాయో ఆయనకే అర్థం కాలేదు. ఏడో గరాటు కారలేదు. ఆ ఏడు గరాట్లకూ రేకు ఖర్చు సున్నా. మా బడిపలకలన్నీ తుక్కు కుప్పలోనే ఉండేవి.

తమరి నెస్టింగ్ సాఫ్ట్‌వేర్ ఏం చేసింది? జిగ్‌సా పజిల్ మాదిరి ముక్క పక్కన ముక్క, పెద్ద చిల్లు లోపల చిన్న ముక్క పేర్చి, చివరికి సన్నని ఇనుప జల్లెడ తప్ప ఏమీ మిగల్చలేదు. యజమాని ఆనందానికి అవధుల్లేవు. నా దగ్గరకు ఐటీఐ నుంచి వచ్చిన కుర్రవాడు మాత్రం ఆ జల్లెడ పట్టుకుని నిలబడ్డాడు. వాడు షీట్ మెటల్ వర్కర్ ట్రేడ్ ఏడాది చదివాడు, శంకువును విప్పి రేకు మీద పరిచే గీతలు కాగితం మీద చక్కగా గీస్తాడు. కానీ వాడికి ఇక్కడ దొరికిన పని, తమరు కోసిన ముక్కలను ఆ జల్లెడలోంచి సుత్తితో రాల్చడం, ముక్కలు తలెత్తి తమరి తలకు తగలకుండా వదిలిన చిన్న చిన్న అతుకులను గీకడం. వాడికి ఆరు నెలల్లో తప్పు చేసే అవకాశం ఒక్కసారీ రాలేదు.

తెలంగాణలో 65 ఐటీఐలను అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చే పని 2024లో హైదరాబాదు మల్లేపల్లిలో మొదలుపెట్టారు. రోబోలు, సీఎన్‌సీలు వస్తున్నాయి, రావాలి కూడా. నాకున్న సందేహం చిన్నది. రేపు ఐదు మిల్లీమీటర్ల అంచు మీద ఇంకో కొటేషన్ వస్తే, ఇది వంగదు అని చెప్పేవాడు ఎక్కడ నేర్చుకుని ఉంటాడు? ఆ డైరీకి నూట పదమూడో పేజీ ఎవరు రాస్తారు? కొత్త మిశ్రమలోహం రేకు వస్తే తమరి లైబ్రరీ ఎవరిని అడుగుతుంది?

కనుక రేకుకు ఒక్క అడుగు చదరం వదిలిపెట్టమని ప్రార్థన. జీతం పెంచమని అడగడం లేదు, ఫ్యాను కూడా అడగడం లేదు.

తమరు ఒప్పుకోరని తెలిసి, తమరిని నడిపే కుర్రవాడితో ముందే మాట్లాడుకున్నాను. గత శనివారం నుంచి ప్రతి నెస్టింగ్‌లో పక్కకు 300 మిల్లీమీటర్లున్న చదరపు ముక్క ఒకటి అదనంగా వస్తోంది. పార్టు పేరు 'నమూనా'. తమరు దాన్ని తుక్కులో వేయకుండా తయారైన సరుకులోనే లెక్కగట్టారు. వాడకం శాతం కూడా పెరిగిందని చూపించారు. యజమాని చూసి మెచ్చుకున్నారు. ఈ ఒక్క మేలుకు తమరికి రుణపడి ఉంటాను.

నిన్న సాయంత్రం ఐటీఐ కుర్రవాడి మొదటి గరాటు పూర్తయింది. నీళ్లు మూడు వైపుల నుంచి కారుతున్నాయి.

ఇట్లు,
తమరి ఎడమ పక్క బెంచీ మేస్త్రి