మోకాలి మార్పిడి చేయించుకుంటే మంచాన పడతారా?

"మోకాలి మార్పిడి చేయించుకుంటే మంచానికే పరిమితమవుతారు. పదేళ్ళకే కీలు అరిగిపోతుంది. ఈలోపు మనిషి డిప్రెషన్‌లోకి జారిపోతాడు." ఈ మెసేజ్ ఫోన్ నుంచి ఫోన్‌కి తిరుగుతూనే ఉంది. నాలుగు అడుగులు వేయలేక బాధపడుతున్నవాళ్ళని ఇంకా భయపెట్టే మాటలివి.

ముందు మంచం సంగతి. ఆపరేషన్ రోజునో మర్నాడో వాకర్ ఇచ్చి నడిపించడం ఇప్పుడు మామూలే. కదలకుండా పడుకుంటేనే కాలిలో రక్తం గడ్డకట్టే ముప్పు పెరుగుతుంది. అయితే మొదటి వారాలు తేలిక కాదు. వాపు, నొప్పి, నిద్రలేమి ఉంటాయి. తొడ ముందు భాగంలోని కండరం మొదటి నెలలో సగానికి పైగా బలం కోల్పోతుంది. నొప్పి తగ్గిందని ఫిజియోథెరపీ మానేస్తే ఆ బలం సరిగా తిరిగి రాదు, మెట్లెక్కడం కష్టంగానే మిగులుతుంది. పూర్తిగా కోలుకోవడానికి ఆరు నెలల నుంచి ఏడాది పట్టవచ్చు. మోకాళ్ళ మీద కూర్చోవడం ఆ తర్వాత కూడా చాలామందికి ఇబ్బందే. ఈ విషయం ముందే చెప్పాలి.

పదేళ్ళ లెక్క తప్పు. 2019లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన విశ్లేషణ ప్రకారం, పూర్తి మార్పిడి చేసిన కీళ్ళలో సుమారు 82 శాతం 25 ఏళ్ళు నిలుస్తాయి. చిన్న వయసులో చేయించుకుంటే మాత్రం రెండోసారి అవసరపడే అవకాశం ఎక్కువ.

ఇక డిప్రెషన్. నన్ను ఎక్కువగా బాధపెట్టింది ఈ మాటే, ఎందుకంటే ఇది కారణాన్ని తలకిందులు చేస్తోంది. ఏళ్ళ తరబడి నొప్పి, నిద్ర లేకపోవడం, బయటికి వెళ్ళలేకపోవడం, ప్రతిదానికీ ఇంకొకరి మీద ఆధారపడటం: మనసు కుంగేది వీటివల్ల. అందుకే ఆపరేషన్ తర్వాత నొప్పి తగ్గి, నడక మెరుగైనకొద్దీ చాలామందిలో దిగులు కూడా తగ్గుతుంది.

అందరికీ అలా జరగదు. సుమారు అయిదుగురిలో ఒకరు ఫలితంతో తృప్తి పడరు. ముందునుంచే డిప్రెషన్, తీవ్రమైన టెన్షన్ ఉండి చికిత్స తీసుకోనివాళ్ళలో తర్వాత కూడా నొప్పి మిగిలే అవకాశం ఎక్కువ. అంతమాత్రాన వాళ్ళకి ఆపరేషన్ వద్దని కాదు, మనసుకీ వైద్యం కలిపి చేయాలని.

ఆపరేషనే మొదటి మందు అని కూడా నేను అనను. 2015లో డెన్మార్క్‌లో 100 మందితో చేసిన అధ్యయనం ఒకటుంది. వ్యాయామం, బరువు తగ్గడం వంటి చికిత్సతోనే మొదలుపెట్టినవాళ్ళలో ఏడాదిలోపు ఆపరేషన్‌కి వెళ్ళింది నాలుగో వంతు మందే. మొదటే ఆపరేషన్ చేయించుకుని, తర్వాత ఇదే చికిత్స తీసుకున్న రెండో గుంపువాళ్ళకి నొప్పి, కదలిక ఇంకా బాగా మెరుగయ్యాయి, కానీ తీవ్రమైన సమస్యలూ వాళ్ళలోనే ఎక్కువ.

కాబట్టి సర్జన్‌ని కలిసినప్పుడు షుగర్, బీపీ గురించి చెప్పినట్టే నిద్ర గురించి, దిగులు గురించి కూడా చెప్పండి. ఆపరేషన్ తర్వాత రెండు వారాలు దాటినా దిగులు వదలకపోతే, తర్వాతి చెకప్ రోజు కోసం ఆగకుండా డాక్టర్‌కి ఫోన్ చేయండి.