గుర్రానికి సర్దుకోవడం రాదు

2036 ఒలింపిక్స్ మాకే ఇవ్వండని 2024లో మన దేశం లేఖ రాసింది. కాబట్టి గుర్రపు స్వారీ పోటీలకు ప్రాంగణం ఎలా కట్టాలో ఇప్పటినుంచే ఆలోచించడం పౌరుడిగా నా బాధ్యత. ప్లానులో మొదటి భాగం తేలికే. వీఐపీ గ్యాలరీ, హెలిప్యాడ్, శిలాఫలకం, దాని మీద కప్పే తెర. ఇవి మనవాళ్లు నిద్రలో కూడా గీసేస్తారు. చిక్కంతా గుర్రంతోనే.

మన దగ్గర ఏది కట్టినా 'కొంచెం సర్దుకోండి' అనే మాట మీదే నిలబడుతుంది. బస్టాండులో నీడ లేకపోతే సర్దుకుంటాం. హాస్టల్ గదిలో పన్నెండు మందిని కుక్కినా సర్దుకుంటాం. గుర్రం సర్దుకోదు. లాయంలో ఒక్కోదానికి విడిగా గది, అదీ కనీసం 3 మీటర్ల పొడవు, 3 మీటర్ల వెడల్పు. గాలి బాగా ఆడాలి. గడ్డిలో దుమ్ము ఊపిరితిత్తులకు చేటని తడిపి మరీ పెట్టాలి. పరిగెత్తడానికి ఇసుక నేల అనగానే కాంట్రాక్టర్ల ముఖాలు వెలుగుతాయి గానీ, ఏటి ఇసుక లారీలో తెచ్చి పోస్తే చెల్లదు. సన్న ఇసుకలో పీచు కలపాలి, తేమ చూసుకోవాలి, పోటీల మధ్యలో కూడా చదును చేస్తుండాలి. బిల్లు పాసయ్యాక కూడా నేలను పట్టించుకోవాలా!

రౌతు సైగలకు గుర్రం లయగా అడుగులేసే పోటీని డ్రెస్సాజ్ అంటారు. దాని బరి 60 మీటర్ల పొడవు, 20 మీటర్ల వెడల్పు. అక్కడ ప్రేక్షకులు చప్పుడు చెయ్యకూడదట. డీజే లేదు, టపాసులు లేవు. మరి మంత్రిగారు దేనికొస్తారు? లద్దె సంగతి సరేసరి. గుర్రానికి రోజుకు 20 కిలోల పైమాటే, వంద గుర్రాలొస్తే 2 టన్నులు. ప్లానులో ఆ గడి ఎదురుగా 'తర్వాత చూద్దాం' అని రాసుకున్నాను.

అసలు తలనొప్పి రోగాలు. 1956 ఒలింపిక్స్ మెల్‌బోర్న్‌లో జరిగితే, ఆస్ట్రేలియా క్వారంటైన్ నిబంధనల దెబ్బకు గుర్రాల పోటీలు స్టాక్‌హోమ్‌లో, అదీ నెలల ముందే, పెట్టుకున్నారు. 2008లో బీజింగ్ అంతటిది కూడా గుర్రాలను హాంకాంగ్‌కు అప్పగించింది. అక్కడ లాయాలకు ఏసీలు. మన జట్టు 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో డ్రెస్సాజ్ స్వర్ణం గెలిచింది. రౌతులు మనవాళ్లే, గుర్రాలు మాత్రం యూరప్ నుంచి వెళ్లాయి. ఇక్కడి నుంచి తీసుకెళ్దామంటే, మన గుర్రాలకు రోగాలు లేవని ప్రపంచం నమ్మాలి కదా.

2025 జులైలో మీరట్ కంటోన్మెంటులోని సైనిక పశువైద్య కేంద్రానికి ప్రపంచ జంతు ఆరోగ్య సంస్థ 'ఇక్కడి గుర్రాలకు రోగాలు లేవు' అనే గుర్తింపు ఇచ్చింది. సంతోషమే. కానీ అలాంటి చోట్లకు ఎవరు పడితే వాళ్లు వెళ్లడానికి లేదు. బండి మీద 'ఎమ్మెల్యేగారి తాలూకా' అని రాసుకున్నా వదలరు! ప్రజాస్వామ్యంలో ఇదేం పద్ధతి? నా ప్లానులో అందుకే ఆ గేటు పక్కన ఒక చిన్న సందు వదిలాను.

పోటీలయ్యాక ప్రాంగణాన్ని ఏం చెయ్యాలన్నదాని మీద మాత్రం ఎవరికీ పేచీ ఉండదు. కల్యాణ మండపంగా అద్దెకిస్తాం. పెళ్లికొడుకు ఊరేగింపుకు గుర్రాన్ని పార్టీవాళ్లే బయటినుంచి తెచ్చుకోవాలి. లద్దెకు డిపాజిట్ వేరు.