జిమ్ము రబ్బరు నేల మీద ఫినాయిల్ పొయ్యకండి

వరండాలు, లిఫ్టు ముందు జాగా తుడిచిన బకెట్టే జిమ్ములోకీ వస్తుంది. అదే మాపు, అవే ఫినాయిల్ నీళ్లు. మన అపార్ట్‌మెంట్లలో డబ్బు పోసి వేయించిన రబ్బరు నేల తెల్లబారి, అంచులు లేచి, కంపు కొట్టేది ఎక్కువగా ఇందువల్లే. తుడిచే ఆవిడను అనకండి. ఆవిడ చేతికి ఆ డబ్బా ఇచ్చింది అసోసియేషన్ వాళ్లం మనమే.

ఆ నేల ఏంటో తెలిస్తే సగం పొరపాట్లు ఆగుతాయి. జిమ్ముల్లో ఎక్కువగా పరిచేది పాత టైర్లను పలుకులుగా ఆడించి, పాలియురెథేన్ జిగురు కలిపి, అచ్చులో నొక్కి చేసిన రబ్బరు. అందులో నీలం, బూడిద చుక్కలు ఈపీడీఎం అనే వేరే రబ్బరువి. గ్రానైట్‌లా నున్నని రాయి కాదు కదా, పలుకుల మధ్య సన్నని సందులుంటాయి. నీళ్లు పోస్తే వాటిలోకి దిగి అక్కడే ఉండిపోతాయి. తెల్ల ఫినాయిల్‌లో పైన్ నూనె, నల్ల ఫినాయిల్‌లో తారు నూనెలు ఉంటాయి. నూనె తగిలిన రబ్బరు ఉబ్బి మెత్తబడుతుంది, పైన మిగిలిన జిడ్డుకు దుమ్ము అంటుకుంటుంది. బ్లీచింగ్ నీళ్లు రంగును తినేస్తాయి. మరక పోవట్లేదని పెట్రోలో థిన్నరో రుద్దితే జిగురే వదిలి పలుకులు రాలతాయి.

తడి పెట్టే ముందు పొడి పని అయిపోవాలి. వాక్యూమ్ క్లీనర్‌లో తిరిగే బ్రష్ ఆపేసి దుమ్ము లాగండి. చేతులకు రాసుకునే చాక్ పొడి మెగ్నీషియం కార్బొనేట్, అది నీళ్లలో కరగదు. దాని మీద తడి మాపు వేశారంటే ముద్దయి సందుల్లో కూరుకుపోతుంది. "ఎంత తుడిచినా తెల్ల మచ్చలు పోవడం లేదు" అనే ఫిర్యాదు చాలాసార్లు ఇక్కడే పుడుతుంది. మిగతాది బోరు నీళ్ల పని. ఉప్పదనం ఉన్న నీళ్లు ఆరితే తెల్లటి పొర మిగులుతుంది. ఆర్‌ఓ ఫిల్టర్ వదిలేసే నీళ్లను పొదుపు కోసం మాపుకు వాడతారు, అందులో లవణాలు ఇంకా చిక్కగా ఉంటాయి. ఈ నేలకు మాత్రం అవి వద్దు.

మందు విషయానికొస్తే, పీహెచ్ (ఆమ్లమా క్షారమా చెప్పే కొలత) 7 నుంచి 9 లోపు ఉన్న ఫ్లోర్ క్లీనర్ కావాలి. పీహెచ్ కాగితంతో ఒక్క నిమిషంలో తేలిపోతుంది. అలాంటి క్లీనర్ దొరక్కపోతే 5 లీటర్ల నీళ్లకు గిన్నెలు తోమే లిక్విడ్ ఒక టీస్పూను, అంటే 5 మి.లీ. చాలు. నేల మీద నురుగు కనబడిందంటే ఎక్కువైనట్టే. బకెట్లు రెండు పెట్టుకోండి, ఒకటి సబ్బు నీళ్లకు, ఇంకోటి మంచి నీళ్లకు. మైక్రోఫైబర్ మాపును చుక్క కారకుండా పిండాలి. నాలుగడుగుల జాగా తుడిచి, అది ఆరకముందే మంచినీళ్ల మాపు వేసి, ముందుకు జరగాలి. ఈ రెండో తుడుపు ఎగ్గొట్టొద్దు. మిగిలిన సబ్బు దుమ్మును పట్టుకోవడమే కాదు, క్వాటర్నరీ అమోనియం రకం క్రిమిసంహారకం తర్వాత వేస్తే దాని బలాన్నీ తగ్గిస్తుంది. ఆ మందు కూడా లేబుల్ మీద రాసినన్ని నిమిషాలు తడిగా ఉంటేనే పనిచేస్తుంది. కొట్టిన వెంటనే తుడిచేస్తే దండగ.

కొత్త నేల మొదట్లో నాలుగైదుసార్లు నల్ల నీళ్లు వదులుతుంది. అది తయారీలో మిగిలిన రబ్బరు పొడి. భయపడి సబ్బు పెంచకండి, నీళ్లు మార్చండి. మైనం, పాలిష్ అసలే వద్దు, బరువులెత్తే చోట కాలు జారితే ప్రాణం మీదికొస్తుంది.

వాసనలు రెండు రకాలు. టైరు వాసన గాలి ఆడితే రోజురోజుకూ తగ్గుతుంది. వానాకాలంలో వచ్చే పుల్లటి ముక్కిన వాసన మాత్రం రబ్బరు పలకల కింద నీళ్లు నిలిచాయని చెబుతుంది. పైన ఎంత తుడిచినా అది పోదు. అంటించని పలకలైతే మూల నుంచి లేపి, కింద సిమెంటు నేలనూ పలకనూ ఫ్యాను గాలికి పూర్తిగా ఆరనిచ్చి మళ్లీ పరచాలి.

ఇంట్లో వినైల్ నేల ఉన్నవాళ్లకో మాట. దాని మీద రబ్బరు మ్యాట్ నేరుగా వేయకండి. రబ్బరులోని రసాయనాలు వినైల్‌లోకి దిగి గోధుమరంగు మచ్చ పడుతుంది, ఏ మందుకూ పోదు.

అసోసియేషన్ వాళ్లు ఈ నెలలోనే జిమ్ముకని వేరే రంగు బకెట్లు రెండు, మాపులు రెండు కొనాలి. కొలత చెంచాను క్లీనర్ డబ్బాకే కట్టండి. ఎంత పోయాలో తుడిచే వాళ్లకు వచ్చిన భాషలో పెద్ద అక్షరాలతో రాసి తలుపు వెనక అంటించండి.