డెంటిస్టు గారి కుడిచేతి గ్లవ్‌కు

మహారాజశ్రీ గ్లవ్ గారి దివ్యసముఖమునకు, కుర్చీలో వెల్లకిలా పడి ఉన్న పేషెంటు నమస్కరించి వ్రాయు విన్నపములు.

మీ డాక్టరు గారి పనితనం ఎంతటిదో నాకెలా తెలుస్తుందండీ? రూట్ కెనాల్ లోపల శుభ్రమైందో లేదో ఎక్స్‌రే చూపించినా నాకు బోధపడదు. కళ్లెదుట కనబడేది మీరే. అందుకని మిమ్మల్నే కనిపెట్టుకుని ఉన్నాను. డబ్బాలోంచి తాజాగా దిగారు, బాగుంది. ఆ తర్వాత లైటు పిడి పట్టుకున్నారు. సొరుగు లాగారు. జారిన మాస్కును ముక్కు మీదికి ఎగదోశారు. కాసేపు కంప్యూటర్ మౌస్‌తో కాలక్షేపం చేశారు. ఇంతలో ఫోన్ మోగితే జేబులోకి వెళ్లి, మాట్లాడించి, అట్నుంచి అటే నా నోట్లోకి దయచేశారు. వద్దందామంటే అప్పటికే నోట్లో అద్దం, దూది, ఉమ్మి లాగే గొట్టం కొలువుదీరి ఉన్నాయి. "ఆఁ ఆఁ" అన్నాను. "అయిపోయింది, అయిపోయింది" అన్నారు డాక్టరు గారు.

తప్పు మీది కాదు లెండి. మీ వంశం మొదలైందే మా కోసం కాదు. 1890 ప్రాంతంలో అమెరికాలో హాల్‌స్టెడ్ అనే సర్జన్, క్రిమిసంహారక మందు పడక చేతులు పాడైన నర్సు కోసం రబ్బరు గ్లవ్స్ చేయించారు. పళ్ల డాక్టర్లలో చాలామందైతే 1980లలో ఎయిడ్స్ భయం పట్టుకునేదాకా వట్టి చేతులతోనే కానిచ్చేవారు.

మీ చెవిన పడే ఉంటుంది, డాక్టరు గారు నా తల మీదుగా "నలభై ఆరు తెరుద్దాం" అని నర్సుతో అన్నారు. ఉండేవే 32 కదా, మిగతావి ఎప్పుడు మొలిచాయని గుండె గుభేలుమంది. కింద కుడివైపు మొదటి పెద్ద దవడపన్నును వాళ్లు అలా పిలుస్తారట. నోటిని నాలుగు భాగాలు చేస్తే, నాలుగో భాగంలో ఆరో పన్ను. ఆ ముక్కేదో నాతో అంటే పోయేదా?

ఇదివరకు ఒక డాక్టరమ్మ, "నొప్పెడితే ఎడమచెయ్యి ఎత్తండి, ఆపేస్తాను" అంది. ఎత్తాను. నిజంగానే ఆపింది! గోడ మీద ఆవిడ డిగ్రీలు ఏమున్నాయో ఈరోజుకీ చూడలేదు.

కాబట్టి మనవి. మళ్లీ ఫోన్ మోగితే తమరు తిన్నగా చెత్తబుట్టలోకి వేంచేయండి. డబ్బాలో మీ తమ్ముళ్లు ఇంకా బోలెడుమంది ఖాళీగానే కూర్చున్నారు.

ఇట్లు,
బిల్లులో మీ ఖరీదూ కట్టిన పేషెంటు