ఎప్పుడు పడ్డాడో అడగండి

ఆంధ్ర సరిహద్దున ఒడిశాలో ఉన్న పర్లాకిమిడి, గుణుపూర్, రాయగడ మైదానాల్లో తెల్లవారకముందే కుర్రాళ్ళ పరుగు మొదలవుతుంది. సైన్యంలో చేరాలంటే 1.6 కిలోమీటర్లు గెలవాలి మరి. అందులో ఒకడు రౌండు మధ్యలో కళ్ళు బైర్లు కమ్మి కూలబడితే ఏం చేస్తాం? ఫిట్సేమోనని చేతిలో తాళాల గుత్తి పెడతాం, మొహాన నీళ్ళు కొడతాం. లేచి కూర్చోగానే, ‘రాత్రి సరిగ్గా తిని ఉండడు’ అని తేల్చేస్తాం. మరీ అయితే ఒక గ్లూకోజ్ బాటిల్.

చాలాసార్లు అది నీరసమే కావచ్చు. కానీ హైపర్‌ట్రోఫిక్ కార్డియోమయోపతి అనే గుండె కండరపు జబ్బు కూడా ఇలాగే బయటపడుతుంది. సుమారు 500 మందిలో ఒకరికి ఉండే జబ్బు ఇది, అరుదేమీ కాదు. జన్యులోపం పుట్టుకతోనే ఉంటుంది, గుండె గోడ మందం కావడం మాత్రం ఎక్కువగా టీనేజీలో కనిపిస్తుంది. అందుకే పసితనంలో ‘అంతా బాగుంది’ అన్న రిపోర్టు జీవితాంతం చెల్లదు. మెట్లెక్కితే ఆయాసం, ఛాతీ నొప్పి, గుండె దడ... కొందరిలో ఇవేవీ ఉండవు. పరిగెడుతూనో, ఆగిన వెంటనో స్పృహ తప్పడం మాత్రం ప్రమాద ఘంటిక. బడి ప్రార్థనలో ఎండకు నిలబడి పడిపోవడం వేరు, ఇది వేరు.

ఆ తేడాయే సరిహద్దు ఆసుపత్రుల్లో జారిపోతోంది. తండ్రి తెలుగులో చెబుతాడు, డాక్టరుకు ఒడియా వచ్చు, మధ్యలో ఎవరో అందుకుంటారు. ‘పరిగెడుతూ పడిపోయాడు’ అన్నది చీటీ మీదికెక్కేసరికి ‘వీక్‌నెస్’ అవుతుంది. తప్పు ఎవరిదీ కాదు, పోయింది మాత్రం అసలు మాట.

ఓపీ చీటీ మీద రెండు భాషల్లో రెండు ప్రశ్నలు అచ్చువేయమని మేము కోరుతున్నాం. పడినప్పుడు ఏం చేస్తున్నాడు? ఇంట్లో చిన్న వయసులో హఠాత్తుగా పోయినవారున్నారా? పెళ్ళి ఊరేగింపులో డాన్సు చేస్తూ కుప్పకూలిన బాబాయి సంగతి అక్కడే బయటపడాలి. తల్లిదండ్రుల్లో ఒకరికి ఈ లోపం ఉంటే ప్రతి బిడ్డకూ వచ్చే అవకాశం సగానికి సగం. ఒకరిలో తేలితే తోబుట్టువులకూ పరీక్ష చేయాలి. పిల్లల ఆరోగ్య పరీక్షల కోసం 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందాలు బడులకు వస్తూనే ఉన్నాయి, ఈ ప్రశ్నలు వాళ్ళూ అడగొచ్చు.

ఈసీజీ చాలామందిలో తేడా చూపిస్తుంది, ఎకో (గుండె స్కానింగ్) తీస్తే గోడ మందం తెలుస్తుంది. ఎకో కోసం బరంపురమో విశాఖో వెళ్ళాల్సి వస్తే రానుపోను ఒక రోజు పోతుంది. పోనివ్వండి. అంతవరకు కోచ్‌లు ఆ కుర్రాడి చేత ఇంకో రౌండు వేయించకూడదు.