అరిగిన రబ్బరు ఎటు పోతోంది?

హైదరాబాద్–విజయవాడ జాతీయ రహదారి మీద చౌటుప్పల్ నుంచి కోదాడ దాకా రాత్రీపగలూ లారీలు ఆగవు. బటన్లు అరిగి నున్నబడిన టైర్లు ఏ పంక్చర్ షాపు ముందు చూసినా కుప్పగా కనిపిస్తాయి. బండి నుంచి విప్పేనాటికి ఒక్కో టైరు బరువులో సుమారు పదో వంతు పొడిగా రాలిపోయి ఉంటుంది. వాన పడితే ఆ నల్లటి పొడి రోడ్డంచు నుంచి కాలువలోకి, చెరువులోకి, మూసీలోకి చేరుతుంది.

టైర్ల తయారీలో ఇప్పుడు సూక్ష్మజీవుల మాట గట్టిగా వినిపిస్తోంది. జన్యువులు మార్చిన ఈ.కోలై బ్యాక్టీరియాకు చక్కెర పెడితే రబ్బరుకు మూలమైన ఐసోప్రీన్‌ను ఇస్తుంది. టైర్ల కంపెనీ గుడ్‌ఇయర్, జెనెన్‌కోర్ అనే బయోటెక్ సంస్థతో కలిసి ఈ పద్ధతిలో నమూనా టైరు చేసి చూపించింది కూడా. ముడిచమురు వాడకం తగ్గుతుందంటే సంతోషమే. అయితే చెట్టు పాల నుంచి వచ్చినా, చమురు నుంచి వచ్చినా, బ్యాక్టీరియా నుంచి వచ్చినా రబ్బరు రోడ్డు మీద అరగక తప్పదు. అరిగినప్పుడు అందులో కలిపిన రసాయనాలూ బయటపడతాయి.

వాటిలో 6పీపీడీ ఒకటి. గాలిలోని ఓజోన్‌కు టైరు పగుళ్లివ్వకుండా దీన్ని కలుపుతారు. అదే ఓజోన్ తగిలి ఇది 6పీపీడీ-క్వినోన్‌గా మారుతుంది. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో వాన కురిసిన ప్రతిసారీ వాగుల్లో కోహో సాల్మన్ చేపలు గుడ్లు పెట్టకముందే చచ్చిపోయేవి. కారణం ఈ క్వినోనే అని 2020లో శాస్త్రవేత్తలు తేల్చారు. అన్ని చేపలకూ ఇది ఇంత విషం కాదు. అలాగని మన చెరువుల్లోని రవ్వ, బొచ్చెలకు ఏమీ కాదని పరీక్షించకుండానే ఊరుకోవడం తప్పు. కంటికి కనపడనిది నీళ్లలో ఉంటే ఏమవుతుందో నల్లగొండ జిల్లాలోని మర్రిగూడ, మునుగోడు పల్లెలను అడగండి. వంకరపోయిన కాళ్లతో తరాలు గడిచాకే గదా అక్కడ ఫ్లోరైడ్‌ను పట్టించుకున్నది. పటిక, సున్నంతో ఫ్లోరైడ్‌ను తీసే పద్ధతికి దేశమంతా ‘నల్లగొండ టెక్నిక్’ అని పేరు పెట్టుకోవాల్సినంత కష్టం ఈ జిల్లాది.

టైరుకు లెక్క లేదని కాదు. పక్కన 2319 అని ఉంటే అది 2019లో 23వ వారం తయారైందని అర్థం. కొన్ని కంపెనీలు లోపల చిప్ కూడా పెడుతున్నాయి. పాత టైర్ల రీసైక్లింగ్ బాధ్యతను 2022 నిబంధనలు తయారీదారుల మీదే పెట్టాయి. ఇదంతా మిగిలిన టైరు లెక్క. రాలిపోయిన పొడిని అడిగేవాళ్లు లేరు. టైర్ల అరుగుదలకు హద్దు పెట్టే పని ఐరోపా సమాఖ్య 2024లో వాహన కాలుష్యంపై తెచ్చిన యూరో 7 నిబంధనలతో మొదలుపెట్టింది. మన దేశమూ ఆ దారి పట్టాలి.

కాలుష్య నియంత్రణ మండలి ఈ వానాకాలమే రహదారి పక్క చెరువుల్లో నమూనాలు తీసి, ఫలితాలను తెలుగులో పంచాయతీ ఆఫీసుల గోడల మీద పెట్టాలని మేం కోరుతున్నాం. ఖర్చు మాత్రం రీబటన్ టైర్లతో బండి నెట్టుకొస్తున్న లారీ యజమాని నెత్తిన వేయకూడదు. ఏం కలిపి అమ్ముతున్నారో తెలిసిన కంపెనీలే దాన్ని భరించాలి.